మేడ మీద గదికి వైఫై అందకపోతే బూస్టర్ వద్దు, ఒక తీగ లాగి యాక్సెస్ పాయింట్ పెట్టండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తెనాలిలో అమ్మానాన్నల ఇల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా, పాతికేళ్ల నాటి కట్టడం, తొమ్మిది అంగుళాల గోడలు. ఫైబర్ బాక్సు కింద హాల్లో టీవీ పక్కన ఉంది. అడిగినవారు పై అంతస్తు వెనక గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నారు. ఫోన్‌లో రెండు గీతలు కనిపిస్తున్నా వీడియో కాల్ మధ్యలో ఆగిపోతోంది, 200 ఎంబీపీఎస్ ప్లాను ఉన్నా పైన పదో పన్నెండో వస్తోంది. బూస్టర్ కొనాలా, మెష్ (ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఇల్లంతా వైఫై పంచే డబ్బాల సెట్టు) కొనాలా, యాంటెన్నాలు ఎక్కువున్న పెద్ద రౌటర్ కొంటే సరిపోతుందా, యాక్సెస్ పాయింట్ (తీగతో నెట్ అందుకుని వైఫైగా పంచే డబ్బా) పెట్టాలంటే గోడలు పగలగొట్టాలా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. కింద ఫైబర్ బాక్సు నుంచి పైకి ఒక క్యాట్ 6 కేబుల్ (లోపల జతలుగా మెలేసిన ఎనిమిది తీగలుండే నెట్ కేబుల్) లాగించండి, పైన ఒక యాక్సెస్ పాయింట్ పెట్టండి, రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వండి. గోడలు పగలగొట్టే అవసరం దాదాపు రాదు. ఒక పూట పని. కేబులు, యాక్సెస్ పాయింట్, ఎలక్ట్రీషియన్ కూలీ, ఖర్చంతా ఇంతే, ఇంట్లో పాత రౌటర్ ఏదైనా మూలన పడి ఉంటే అంత కూడా కాదు. బూస్టర్ వద్దు. పెద్ద రౌటర్ అసలే వద్దు. మెష్ చెడ్డదేం కాదు గానీ మీ ఇంట్లో అది సరిగ్గా పనిచేయాలన్నా తీగ కావాల్సిందే, దాని సంగతి కింద చెప్తాను.

నేను విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. మీరు చెప్పినలాంటి ఇళ్లే ఎక్కువ తగులుతాయి, అన్నిట్లోనూ కథ ఒకటే. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఫైబర్ ఇంట్లోకి ఎక్కడ దిగితే అక్కడే బాక్సు బిగించి వెళ్లిపోతారు. మనం నెట్ వాడే చోటు ఇంకెక్కడో ఉంటుంది. ఆ మధ్య దూరాన్ని గాలిలో దాటించాలని చూసినంతకాలం డబ్బు పోతూనే ఉంటుంది, తీగతో దాటిస్తే ఒక్కసారితో సరి.

పెద్ద రౌటర్ ఎందుకు పనికిరాదో ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ మొదట చేసే ఖర్చు అదే. వైఫైలో మాట రెండు వైపులా నడవాలి. రౌటర్ పంపింది ఫోన్‌కి వినిపించాలి, ఫోన్ పంపింది రౌటర్‌కి వినిపించాలి. ఊళ్లో మీటింగు పెడితే మైకులో మాట్లాడేవాడి గొంతు నాలుగు వీధుల అవతలికీ వినిపిస్తుంది, ఆ చివరి వీధిలో అరుగు మీద కూర్చున్నవాడు ఎంత అరిచినా స్టేజీ దాకా రాదు. ఫోన్‌లో ఉండేవి చిన్న యాంటెన్నాలు, బ్యాటరీ కాపాడుకోవాలి కాబట్టి అది తక్కువ పవర్‌తోనే పంపుతుంది. మీకు గీతలు కనిపిస్తూ కూడా కాల్ ఆగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆ గీతలు చెప్పేది రౌటర్ మాట ఫోన్‌కి ఎంత వినిపిస్తోందన్నదే. మీ గొంతు, మీ వీడియో అవతలికి వెళ్లే దారి ఎలా ఉందో వాటిలో తెలియదు. పైగా రౌటర్ ఎంత పవర్‌తో పంపొచ్చో ప్రభుత్వ నిబంధనల్లోనే పరిమితి ఉంది, ఆరు యాంటెన్నాలు నిలబెట్టినా ఆ గీత దాటకూడదు. యాంటెన్నాలు ఎక్కువుంటే ఒకే గదిలో వేగం పెరుగుతుంది, స్లాబుకి చిల్లు పడదు.

ఇక స్లాబు సంగతి. ఐదు అంగుళాల కాంక్రీటు, దాన్లో నిలువుగా అడ్డంగా కట్టిన ఇనుప చువ్వలు, దాని మీద ఫ్లోరింగు. మీ గది సరిగ్గా హాలు నెత్తిన ఉంటే కొంత నయం, కానీ వెనక గది అన్నారు. అంటే సిగ్నల్ ఏటవాలుగా వెళ్లాలి. ఏటవాలుగా వెళ్లేకొద్దీ అదే స్లాబులో ఎక్కువ దూరం ప్రయాణించాలి, మధ్యలో ఒకటో రెండో తొమ్మిదంగుళాల గోడలు కూడా తగులుతాయి. దారిలో ఇనప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం ఉంటే సిగ్నల్ ఇంకా తగ్గిపోతుంది. ఇళ్లలో వైఫై మామూలుగా నడిచేది రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల రేడియో తరంగాల మీద. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడల్లో ఎక్కువగా తగ్గిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్ కొంచెం తట్టుకుంటుంది. అందుకే పైకి వెళ్లగానే ఫోన్ 2.4కి మారిపోయి, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ కిక్కిరిసిన అదే చోట పదో పన్నెండో ఇస్తోంది.

ఏమీ కొనకముందు ఒక పని చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ అని వెతికితే ఉచిత యాప్‌లు వస్తాయి. ఐఫోన్ అయితే ఆపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో దానికి వైఫై స్కానర్ ఆన్ చేస్తే చాలు. గీతలు కాకుండా డీబీఎం అంకె చూడండి, సిగ్నల్ బలాన్ని కొలిచేది అదే. మైనస్ 50 అంటే రౌటర్ ఎదుట ఉన్నట్టు. మైనస్ 65 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 70 దాటితే తడబడుతుంది. మైనస్ 80 అంటే వైఫై పేరు కనిపించడమే మిగులుతుంది. ఈ అంకెల్లో ప్రతి 10కీ పవర్ పదో వంతుకి పడిపోతుంది, అంటే 50 నుంచి 80కి వస్తే అందేది వెయ్యో వంతు. హాల్లో, మెట్ల మీద, పైన ప్రతి గదిలో, ముఖ్యంగా మీ కుర్చీ దగ్గర, ఒక్కోచోట నిమిషం నిలబడి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూస్తేనే పైన ఒక యాక్సెస్ పాయింట్ చాలా, రెండు కావాలా తెలిసిపోతుంది. మీరు చెప్పినలాంటి ఇంటికి మామూలుగా ఒకటి చాలు.

బూస్టర్ అంటే రిపీటర్. అది విన్నదాన్నే మళ్లీ పలుకుతుంది. చవక రకాల్లో వినేదీ పలికేదీ ఒకే రేడియో, ఒకేసారి రెండూ చేయలేదు, కాబట్టి వేగం అక్కడే సగం పడిపోతుంది. రెండు బ్యాండ్లున్నవి ఒకదాంట్లో విని ఇంకోదాంట్లో పంపగలవు, అది కొంచెం నయం. అసలు చిక్కు ఏంటంటే జనం బూస్టర్‌ని సిగ్నల్ అందని గదిలో పెడతారు. అక్కడ దానికీ అందదు కదా. ఫోన్‌లో నిండా గీతలు కనిపిస్తాయి, అవి బూస్టర్ గీతలు, బూస్టర్‌కి వెనక వస్తున్నది మాత్రం ఆ పదో పన్నెండో. గుంటూరులో ఒక డాక్టరుగారి డూప్లెక్సులో మూడు బూస్టర్లు ఒకదాని వెనక ఒకటి పెట్టి ఉన్నాయి. మూడూ మూడు పేర్లతో. పై గదిలో ఉండే పెద్దావిడ అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడాలంటే మెట్లు దిగి హాల్లోకి రావాల్సి వచ్చేది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మూడూ పీకేసి, మెట్ల పక్కన గోడ వారగా ఒక కేబుల్ పైకి తీసుకెళ్లి, పైన హాల్లో సీలింగుకి ఒక యాక్సెస్ పాయింట్ బిగించాం. కింద ఎంత వేగం వస్తోందో పైనా దాదాపు అంతే వచ్చింది. ఆ మూడు బూస్టర్లకి పెట్టిన డబ్బుతో ఈ పని మొదటే అయిపోయేది.

మెష్ డబ్బాలు బూస్టర్ల కన్నా చాలా తెలివైనవి. కొన్నిట్లో డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికే వేరే బ్యాండ్ ఉంటుంది. అద్దె ఇల్లు, ఒకే అంతస్తు, గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడలు, ఓనరు మేకు కొట్టనివ్వడు, అలాంటప్పుడు నేను కూడా మెష్ పెట్టుకోమనే చెప్తాను. కానీ కింద డబ్బా మాట పై డబ్బాకి అందాలన్నా అడ్డం వచ్చేది అదే స్లాబు. ఇప్పటికే టీపీ-లింక్ డెకో లాంటిది కొనేసి ఉంటే బాధపడక్కర్లేదు, పై డబ్బాకి కేబుల్ గుచ్చండి, అది గాలిలో మాట్లాడటం మానేసి తీగ పట్టుకుంటుంది, అప్పుడది మంచి యాక్సెస్ పాయింటే.

అసలు ఖర్చు, శ్రద్ధ పెట్టాల్సింది కేబుల్ మీద. డబ్బాలు ఐదారేళ్లకి మారిపోతాయి, గోడలో తీగ పాతికేళ్లుంటుంది.

మీ ఇంట్లో దారి ఎక్కడ దొరుకుతుందో చెప్తాను. ఆ కాలంలో కట్టిన ఇళ్లలో డాబా మీద నుంచి హాల్లోకి టీవీ కేబుల్ దింపడానికి గోడలో పైపు వేసి ఉంచేవారు, కొందరు ల్యాండ్‌లైన్ ఫోన్‌కి కూడా వేయించుకునేవారు. మీ హాల్లో టీవీ వెనక ఒక ప్లేటు ఉంటుంది, పైన వాటాలో కూడా ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. స్క్రూలు తీసి చూడండి. పాత నల్ల టీవీ వైరు గానీ, సన్నటి ఫోన్ వైరు గానీ కనిపిస్తే మీ పని సగం అయినట్టే. ఒకరు పైన ఆ వైరు పట్టుకుని మెల్లగా లాగితే కింద కదులుతోందా చూడండి. కదిలితే ఆ పాత వైరుతోనే కొత్తది లాగొచ్చు. పాత వైరు చివర, క్యాట్ 6 చివర ఎదురెదురుగా పెట్టి, ఇన్సులేషన్ టేపుతో చుట్టాలి, ముడి వేయకూడదు, ఉబ్బు రాకూడదు, మధ్య నుంచి రెండు వైపులా సన్నబడుతూ రావాలి. వంపుల దగ్గర ఆగితే టాల్కమ్ పౌడరు రాసి మళ్లీ లాగండి. ఒకరు పైన లాగుతుంటే ఇంకొకరు కింద లోపలికి నెడుతూ ఉండాలి. ఇద్దరు మనుషుల బలం పెట్టి గుంజకూడదు, క్యాట్ 6ని సుమారు పదకొండు కిలోల బరువు లాగినంత బలానికి మించి లాగితే లోపల జతల మెలికలు సాగిపోతాయి, పైకి బాగానే కనిపిస్తుంది గానీ వేగం రాదు. టీవీ వైరు ఇంకా వాడుతుంటే దాన్ని కూడా కొత్త తీగతో పాటు కలిపి మళ్లీ లాగించుకోండి.

కరెంటు వైర్లున్న పైపులో మాత్రం నెట్ కేబుల్ వేయనివ్వకండి. చాలామంది ఎలక్ట్రీషియన్లు "ఏం కాదు సార్, ఖాళీ ఉంది కదా" అంటారు. 230 వోల్టుల తీగ ఇన్సులేషన్ ఎక్కడైనా గీసుకుపోతే ఆ కరెంటు నేరుగా మీ ల్యాప్‌టాప్ దాకా, మీ చేతి దాకా వస్తుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

పైపు దొరక్కపోతే బయట నుంచి. హాలు కిటికీ ఫ్రేము పక్కన డ్రిల్లుతో ఒక చిన్న రంధ్రం, గోడ మీద వర్షపు నీటి గొట్టం వెంబడి పైకి, పై గది కిటికీ పక్కన ఇంకో రంధ్రం. రంధ్రం బయటి వైపుకి కాస్త కిందికి వాలి ఉండాలి, కేబుల్ కూడా రంధ్రంలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, తీగ వెంబడి గోడలోకి రావు. బయటికి వాడేది నల్ల తొడుగున్న అవుట్‌డోర్ రకమే అయ్యుండాలి, మామూలు బూడిద రంగు కేబుల్ మన ఎండలకి పగుళ్లిచ్చేస్తుంది. కోతులు తిరిగే వీధి అయితే పీవీసీ పైపులో వేయించి క్లాంపులు దగ్గరదగ్గరగా కొట్టించండి, వేలాడే తీగ కనపడితే అవి ఊరుకోవు. ఉడతలు కూడా కొరుకుతాయి.

కేబుల్ కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది, చాలా చోట్ల చూశాను. డబ్బా మీద క్యాట్ 6 అనే ఉంటుంది, ధర సగం ఉంటుంది. లోపల తీగ అల్యూమినియం, పైన రాగి పూత. దీన్ని సీసీఏ అంటారు. షాపులోనే ఒక అంగుళం తొడుగు తీయించి, ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే అల్యూమినియం పుటుక్కున తెగుతుంది. విద్యుత్తుకి అల్యూమినియం అడ్డుపడేది రాగి కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ, మనం ఈ తీగలోనే యాక్సెస్ పాయింట్‌కి కరెంటు కూడా పంపబోతున్నాం కాబట్టి అది వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది, యాక్సెస్ పాయింట్ ఉన్నట్టుండి ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. అచ్చమైన రాగి అని బిల్లు మీద రాయించుకోండి. డిలింక్, ఫైనొలెక్స్, పాలీక్యాబ్ లాంటి తెలిసిన పేర్లు తీసుకున్నా ఏ రకమో అడిగే తీసుకోండి. పూర్తి డబ్బా 305 మీటర్లుంటుంది, మీకు ముప్పై మీటర్లు దాటి అక్కర్లేదు, కోసి అమ్మే షాపులుంటాయి. రెండు తీగలు ఒకేసారి లాగించుకుంటే ఇంకా మంచిది, రెండోదానికి అదనంగా పడేది కేబుల్ ధరే, కూలీ మాత్రం ఒకటే.

చివర్ల దగ్గర క్రింపింగు, అంటే కేబుల్‌కి ప్లగ్గు బిగించడం. ఎనిమిది తీగల వరస తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు వైపులా ఇదే. ఆకుపచ్చ జత విడిపోయి దాని మధ్యలోకి నీలం జత వస్తుంది, అక్కడే చాలామంది తప్పుతారు, వరసగా రంగుల జతలు పెట్టేస్తారు, టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, వేగం మాత్రం రాదు. ప్లగ్గులోకి కేబుల్ బయటి తొడుగు కూడా దూరి, ప్లగ్గు వెనక ఉన్న నొక్కు దాన్ని పట్టుకోవాలి. లోపలి రంగు తీగలు బయటికి కనిపిస్తుంటే ఆ పని మళ్లీ చేయించండి. ఇంకో గుర్తు చెప్తాను. 100 ఎంబీపీఎస్ లింకుకి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా లింకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. పైన ఎన్నిసార్లు స్పీడ్ టెస్ట్ చేసినా 94 దగ్గరే ఆగిపోతుంటే అది వైఫై సమస్య కాదు, కేబుల్ చివర చూడండి. లేదా ఫైబర్ బాక్సులో 100 పోర్టుకి గుచ్చి ఉంటారు, కొన్ని బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్, దాని మీద జీఈ అని ఉంటుంది.

యాక్సెస్ పాయింట్ ఎక్కడ పెట్టాలి? పై అంతస్తు మధ్యలో, సీలింగుకి. గుండ్రటి పళ్లెంలా ఉండే రకాలు సీలింగుకి బిగించినప్పుడు చుట్టూ, కిందికీ సమంగా పంచేలా తయారుచేస్తారు. బీరువా మీద పడుకోబెట్టడం, అటక మీద సామాను వెనక దాచడం చేయకండి. ఫాల్స్ సీలింగు ఉంటే కంగారు లేదు, జిప్సమ్ సిగ్నల్‌ని పెద్దగా ఆపదు, అయినా దాని కింద బయటికే పెట్టండి. మీరు ఎక్కువసేపు కూర్చునేది వెనక గదిలోనే, పైన ఇంకెవరూ ఉండరు అంటే ఆ గది గుమ్మం పైన పెట్టినా తప్పులేదు. హాలు మధ్యలో పెట్టి ప్రతి గదికీ ఒక గోడ అడ్డం వచ్చేట్టు చేయడం కన్నా పని చేసుకునే మనిషికి ఎదురుగా ఉండటమే నాకు ఇష్టం.

ఏది కొనాలి అంటే టీపీ-లింక్ ఒమాడా, యుబిక్విటి యూనిఫై, గ్రాండ్‌స్ట్రీమ్, వీటిలో వైఫై 6 ఉన్న మామూలు మోడల్ ఏదైనా సరే. వైఫై 7 కోసం ఎదురుచూడక్కర్లేదు, 200 ఎంబీపీఎస్ ప్లానుకి దాని అవసరం రాదు. యాక్సెస్ పాయింట్ ఒక్కటే అయితే కంట్రోలర్ (యాక్సెస్ పాయింట్లని ఒకచోట నుంచి నడిపించేది) కూడా అక్కర్లేదు, ఒమాడా, గ్రాండ్‌స్ట్రీమ్‌లకి సొంత పేజీలోనే సెట్టింగ్స్ ఉంటాయి, యూనిఫైకి మాత్రం ఫోన్ యాప్‌తో ముఖ్యమైనవే పెట్టుకోగలం, అన్నీ కావాలంటే కంట్రోలర్ ఉండాలి.

కరెంటు గురించి ఒక మాట, మన ఊళ్లలో ఇది ముఖ్యం. ఈ యాక్సెస్ పాయింట్లకి పీఓఈ ఉంటుంది, అంటే నెట్ కేబుల్‌లోనే కరెంటు వెళ్తుంది. కింద ఫైబర్ బాక్సు పక్కన ఇంజెక్టర్ అనే చిన్న అడాప్టర్ పెడతాం, పైన ప్లగ్గు పాయింటే అక్కర్లేదు. ఫైబర్ బాక్సు, ఇంజెక్టర్ రెండూ ఇన్వర్టర్ ఉన్న పాయింటుకి పెట్టేస్తే కరెంటు పోయినా పైన కాల్ ఆగదు, పై గదికి ఇన్వర్టర్ లైను లేకపోయినా సరే. ఇన్వర్టర్ మారే క్షణంలో బాక్సు రీస్టార్ట్ అవుతుంటే మధ్యలో ఒక చిన్న 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ పెట్టుకోండి, బాక్సు అడాప్టర్ మీద కూడా 12 వోల్టులే ఉందా, యూపీఎస్ అంత ఆంపియర్లు ఇవ్వగలదా చూసుకుని మాత్రమే. పాత ఇంజెక్టర్లతో జాగ్రత్త. కొన్ని 24 వోల్టులు నేరుగా పంపేస్తాయి, కొత్తవి 48 వోల్టుల ప్రమాణం పాటిస్తాయి, అవతల ఏముందో కనుక్కున్నాకే ఇస్తాయి. యాక్సెస్ పాయింట్‌తో పాటు డబ్బాలో వచ్చిందే వాడండి, అందులో ఇంజెక్టర్ రాకపోతే మీ యాక్సెస్ పాయింట్‌కి ఏ ప్రమాణం కావాలో, 802.3ఏఎఫ్‌నా, ఇంకా ఎక్కువ పవర్ ఇచ్చే 802.3ఏటీనా చూసుకుని, ఆ పేరు రాసి ఉన్నది అడిగి కొనండి.

ఇంట్లో పాత రౌటర్ ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్ చేయొచ్చు. సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే దాన్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి నెట్‌వర్క్ చిరునామాలు పంచే సెట్టింగు) ఆపేయండి, దాని చిరునామా కింది బాక్సు చిరునామాతో కలవకుండా 192.168.1.2 లాంటిదానికి మార్చండి (కింది బాక్సు 192.168.1.1 అయితే), కేబుల్‌ని ఇంటర్నెట్ అని ఉన్న పోర్టుకి కాకుండా మామూలు ల్యాన్ పోర్టుకి గుచ్చండి. ఇలా చేయకుండా పెడితే ఇంట్లో రెండు వేరు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. నెట్ వస్తుంది, కానీ పైన ల్యాప్‌టాప్‌కి కింద ప్రింటర్ కనిపించదు, పై టీవీకి కింది ఫోన్ దొరకదు. "ప్రింటర్ పాడైంది" అని నన్ను పిలిచిన చాలా ఇళ్లలో ప్రింటర్ నిక్షేపంగా ఉంది, తేడా ఇక్కడే.

ఇక సెట్టింగ్స్, ఎక్కువేం లేవు. కిందా పైనా వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఛానెళ్లు మాత్రం వేరువేరుగా ఉండాలి. 2.4లో కింద 1, పైన 11 పెట్టండి, పక్కింటివాళ్లు 11లో గట్టిగా ఉంటే 6. వెడల్పు 20 మెగాహెర్ట్జే. ఆటో వదిలేస్తే 40కి పోయి పొరుగువాళ్లందరితో గొడవ పడుతుంది. 5లో కింద 36, పైన 149, వెడల్పు 80.

ఆ తర్వాత అందరూ అడిగేది, "మెట్లెక్కినా ఫోన్ కింది వైఫైనే పట్టుకుని వదలట్లేదు" అని. ఏ వైఫైకి మారాలో తేల్చుకునేది ఫోనే, యాక్సెస్ పాయింట్ కాదు. ఐఫోన్ తనకి అందే సిగ్నల్ మైనస్ 70 దాటి పడిపోయేదాకా కొత్తదాని కోసం వెతకదు, ఇది ఆపిల్ వారే చెప్పిన లెక్క. మెట్ల మీద కింది సిగ్నల్ ఇంకా 68లో ఉంటే అది మారదు. మందు ఏంటంటే పవర్ పెంచడం కాదు, తగ్గించడం. పై యాక్సెస్ పాయింట్ పవర్ మీడియంలో పెట్టండి, 2.4ని అయితే లోలో పెట్టండి. కింది బాక్సులో ఆ సెట్టింగు ఉంటే అక్కడా తగ్గించండి. ఫుల్ పవర్‌లో పెడితే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది, అలా పెట్టిన ఇళ్లలోనే ఈ జిగురు ఎక్కువ. ఒక వైఫై నుంచి ఇంకోదానికి త్వరగా మారడానికి ఫాస్ట్ రోమింగ్ అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని మొదట్లో ఆన్ చేయకండి, కొన్ని పాత ప్రింటర్లు, కెమెరాలు దానితో అసలు కనెక్ట్ కావు. కింద నెట్‌వర్క్ అంతా నెట్ కంపెనీ ఇచ్చిన బాక్సు వైఫైతో నడుస్తూ, పైన వేరే కంపెనీ యాక్సెస్ పాయింట్ ఉన్నప్పుడు ఆ ఫాస్ట్ రోమింగ్ వల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు. మీరు కాల్‌లో ఉండగా మెట్లు దిగితే ఒకటి రెండు సెకన్లు తడబడొచ్చు, కూర్చుని పని చేసుకునేవాళ్లకి అది లెక్కలోది కాదు.

మీలాంటి ఇల్లు కాకుండా హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకి కొంచెం తేడా. కోకాపేట, నల్లగండ్ల వైపు కడుతున్న ఎత్తైన టవర్లలో చాలావరకు మైవాన్ పద్ధతి, అంటే ఇటుక గోడ ఉండదు, లోపలి గోడలు కూడా చువ్వలు వేసి పోసిన కాంక్రీటే. అక్కడ ఒకే అంతస్తులో కూడా, రౌటర్ ఉన్న హాలు నుంచి రెండో బెడ్‌రూమ్‌కే 5 గిగాహెర్ట్జ్ సరిగ్గా అందదు. గోడ కోయడానికి వీల్లేదు, కోయకూడదు కూడా, అది భవనం బరువు మోసే గోడ. మంచి సంగతి ఏంటంటే ఆ ఫ్లాట్లలో చాలా వాటికి బిల్డరే ప్రతి గదికీ డేటా పాయింట్ పైపు వేసి, గుమ్మం దగ్గర చిన్న పెట్టెలోకి అన్నీ తెచ్చి ఉంచుతాడు. ఫ్లాటు చేతికి తీసుకునే రోజే ఆ పైపుల్లో తీగ కదులుతోందో లేదో చూసుకోండి. ఇంటీరియర్ వాళ్లు వార్డ్‌రోబ్ కొట్టి ఆ ప్లేటుని మూసేశాక చేసేదేం ఉండదు.

కరెంటు వైర్ల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. మన ఇళ్లలో నేను వాటి మీద భరోసా ఇవ్వను. త్రీఫేజ్ కనెక్షన్ ఉండి కింద ఒక ఫేజు, పైన ఇంకో ఫేజు అయితే సరిగ్గా కలవదు. ఇన్వర్టర్ లైను వేరుగా ఉంటే మళ్లీ తంటా. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చితే ఇంకా తంటా.

వేరే కట్టడానికి, అంటే దొడ్లో ఉన్న అవుట్‌హౌస్‌కో, పొలం దగ్గర షెడ్డుకో నెట్ కావాలంటే రాగి తీగ వద్దు. క్యాట్ 6 100 మీటర్ల దాకా పనిచేస్తుంది నిజమే, కానీ ఆరుబయట రెండు కట్టడాలని కలిపే రాగి తీగ దగ్గర్లో పిడుగు పడితే రెండు వైపులా పరికరాలు కాల్చేస్తుంది. భీమవరం వైపు చెరువుల దగ్గర కెమెరాలకి నెట్ ఇచ్చేటప్పుడు మేం ఫైబరే వేస్తాం, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌తో కలిపే డబ్బాలు) పెడతాం. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి ఆ భయం ఉండదు.

మీరు ఈ ఆదివారం చేయాల్సింది మూడు పనులు. డీబీఎం అంకెలు రాసుకోవడం, టీవీ ప్లేటు విప్పి వైరు కదులుతోందా చూడడం, ఫైబర్ బాక్సు వెనక జీఈ పోర్టు ఖాళీగా ఉందా చూడడం. వైరు కదలకపోతే ప్లేటు లోపలి ఫొటో, ఇంటి వెనక గోడ ఫొటో ఇక్కడే పెట్టండి, బయట నుంచి ఏ దారిలో తేవాలో చూసి చెప్తాను. ఆ రెండూ చూసేదాకా యాక్సెస్ పాయింట్ ఆర్డర్ పెట్టకండి, బయట పైపులో వస్తే కేబుల్ రకం, సీలింగుకా గోడకా అన్నదాన్ని బట్టి మోడలూ మారుతుంది.